+22లో పోయిన అరగంట: పైన్‌ఫోన్‌లో ఎస్‌ఎమ్‌ఎస్ టైమ్ తప్పుగా పడిన కేసు

2023 దీపావళికి ఊరెళ్లేసరికి ఇంట్లో పండగ సందడి లేదు. పెదనాన్న రెండు వారాలుగా బాబాయితో మాట్లాడటం లేదట. కారణం ఒక ఫోన్ స్క్రీన్ మీద కనిపించిన టైమ్.

వినుకొండ దగ్గర మా ఊళ్లో వాళ్లిద్దరికీ ఉమ్మడి బోరు ఒకటుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా బాబాయి మిర్చికి, ఆ తర్వాత పెదనాన్న మిర్చికి నీళ్లు. ఏళ్ల తరబడి నోటి మాట మీద నడుస్తున్న వంతు అది. కానీ రెండు వారాలుగా ఉమ్మడి బోరు మోటర్ మధ్యాహ్నం మూడింటికి ఆన్ అయినట్టు, అదీ బాబాయి ఫోన్ నుంచి వెళ్లిన కమాండ్‌తో ఆన్ అయినట్టు లాగ్, అంటే ఆ స్క్రీన్ మీది మెసేజ్‌ల చిట్టా, చూపిస్తోంది. "నా వంతులో మోటర్ వేసి నీళ్లు మళ్లించుకుంటున్నాడు, కంప్యూటరే చెబుతోంది" అని పెదనాన్న. "పదింటి లోపే వేశాన్రా, ఒట్టు" అని బాబాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడే మనుషులు కాదని నాకు తెలుసు. అందుకే పండగ మర్నాడు ల్యాప్‌టాప్ తీసి కూర్చున్నాను. హైదరాబాద్‌లో నా ఉద్యోగం మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే భాగం, పెట్టిన పరికరాల మీదే. అయినా ఈ ఒక్క తప్పు పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అదే సమస్య ఇంకెక్కడైనా ఎవరికైనా వస్తే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు అక్కడ ఉన్న సరంజామా చెప్పాలి. బాబాయికి సొంత బోరు ఒకటి, ఉమ్మడి బోరు ఒకటి. రెండింటికీ సిమ్ కార్డు పెట్టిన ఆటో స్టార్టర్లు. త్రీఫేస్ కరెంటు వచ్చినా పోయినా, మోటర్ ఆన్ అయినా ఆఫ్ అయినా స్టార్టర్ డబ్బా ఒక ఎస్‌ఎమ్‌ఎస్ పంపుతుంది. మనం ఎస్‌ఎమ్‌ఎస్ పంపితే మోటర్ వేస్తుంది, ఆపుతుంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఈ మెసేజ్‌లన్నీ ఒక పైన్‌ఫోన్‌కు వచ్చేలా పెట్టాడు. పైన్64 వాళ్లు తయారుచేసిన లైనక్స్ ఫోన్ అది. సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అందులో డెబియన్ లైనక్స్ ఆధారంగా చేసిన మోబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. మామూలుగా మోడెమ్‌ను చూసుకునే మోడెమ్‌మేనేజర్‌ను ఆపేసి, పైథాన్ భాషలో తను రాసిన చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) నేరుగా క్వెక్టెల్ ఈజీ25-జీ మోడెమ్‌తో ఏటీ కమాండ్లలో, అంటే మోడెమ్‌కు అర్థమయ్యే ఆదేశాల్లో, మాట్లాడేలా చేశాడు. వచ్చిన మెసేజ్‌లు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోని టేబుల్‌లోకి వెళ్తాయి. టైమ్ వరసలో స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఫోన్ వసారాలో గోడకు తగిలించి ఉంటుంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇరవై ఏళ్లవాడు ఇంటి అవసరం కోసం ఇంత పని చేశాడంటే నాకు చాలా ముచ్చటేసింది. ఇప్పటికీ వేస్తుంది.

గోడ దగ్గర నిలబడి లాగ్ చూశాను. మొదట కంటపడింది వరస. బాబాయి సొంత బోరుకు "ఆన్" అని పంపిన కమాండ్ 9:41కి ఉంది. దానికి స్టార్టర్ జవాబు 10:12కి. మధ్యలో ఇంకో రెండు కమాండ్లు వచ్చి కూర్చున్నాయి. అంటే ప్రశ్నకూ జవాబుకూ మధ్య వేరే మాటలు దూరాయి. స్టార్టర్ జవాబు ఇవ్వడానికి అరగంట పట్టిందా? బాబాయిని అడిగితే, "ఫోన్ అట్లా మోగుద్ది, ఇట్లా మోటర్ ఆన్ అవుద్ది. అరగంట ఎందుకు పడుద్ది?" అన్నాడు. ఉమ్మడి బోరు వరసలో తేడా ఇంకా పెద్దది. కమాండ్ 9:42కి, జవాబు మధ్యాహ్నం 3:13కి.

ఇక్కడ బాబాయి అన్న మాట ఒకటి నేను వెంటనే పట్టించుకోవాల్సింది. ఉమ్మడి మోటర్ సాయంత్రం 6:20కి ఆఫ్ అయినట్టు లాగ్‌లో ఉంది. "మన ఫీడర్‌కు కరెంటు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకానే. తొమ్మిది గంటలు. ఆరున్నరకు కరెంటే లేకపోతే మోటర్ ఎట్లా తిరిగింది, ఎట్లా ఆగింది అబ్బాయ్?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే గొడవ తీరిపోవాలి. కానీ పెదనాన్నకు స్క్రీన్ మీద నమ్మకం, నాకు స్టార్టర్ మీద అనుమానం. అందుకే ముందు అటువైపు వెళ్లాను.

ఫోన్ గడియారం చూశాను. టైమ్ జోన్ ఆసియా కోల్‌కతా అనే ఉంది. టైమ్ నా వాచీతో పోలిస్తే నాలుగు సెకన్లు తేడా, అంతే. పంపిన మెసేజ్‌ల టైమ్ సరిగ్గా ఉంది కాబట్టి ఫోన్ గడియారం తప్పు కాదు. అప్పుడు పైన్‌ఫోన్ సిమ్ తీసి బాబాయి పాత బటన్ ఫోన్‌లో వేశాను. మళ్లీ రెండు మోటర్లూ వేయించాను. రెండు జవాబులూ సరైన టైమ్‌తోనే వచ్చాయి! తమ్ముడి ముఖం చిన్నబోయింది. ఇంట్లో అందరూ, "మామూలు ఫోన్‌లో బాగానే వస్తోంది, ఆ లైనక్స్ ఫోనే తేడా" అనేశారు. సిమ్ తీసి నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసినా అంతే, టైమ్ కరెక్ట్. నేనూ ఆ క్షణం తప్పంతా స్క్రిప్ట్‌దే అనుకున్నాను. అది సగం మాత్రమే నిజం. ఆ రెండు ఫోన్లు కరెక్ట్‌గా చూపించడం నన్ను తప్పుదారి పట్టించింది. ఎందుకో చెబుతాను.

ఎస్‌ఎమ్‌ఎస్ ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నేరుగా వెళ్లదు. పంపినవాళ్ల ఆపరేటర్ దగ్గర మెసేజ్ సెంటర్ ఉంటుంది. మెసేజ్ ముందు అక్కడికి చేరుతుంది. సెంటర్ దాని మీద టైమ్ ముద్ర వేస్తుంది. పోస్టాఫీసులో కవర్ మీద వేసే ముద్ర లాంటిదే. తర్వాత అదే సెంటర్ మన ఫోన్‌కు పంపుతుంది. అంటే మన దగ్గరికి వచ్చే టైమ్ మన సిమ్ కంపెనీ వేసింది కాదు, పంపినవాళ్ల సిమ్ కంపెనీ వేసింది. ఈ ఒక్క సంగతి తలకెక్కితే సగం కేసు తేలిపోతుంది. కానీ చాలామంది, నాతో సహా, టైమ్ తప్పు కనిపించగానే చేతిలో ఉన్న ఫోన్‌నీ, అందులో ఉన్న సిమ్‌నీ అనుమానిస్తాం.

ఆ ముద్రను ఫోన్ ఎలా చూపిస్తుందన్నది మాత్రం ఫోన్‌ను బట్టి మారుతుంది. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్‌లో వచ్చిన మెసేజింగ్ యాప్ మెసేజ్‌కు రెండు టైమ్‌లు దాస్తుంది. ఒకటి ఫోన్‌కు చేరిన టైమ్, రెండోది సెంటర్ ముద్ర. లిస్టులో చూపేది చేరిన టైమ్‌నే. సెంటర్ గడియారం, ఫోన్ గడియారం కలవకపోతే వచ్చే గందరగోళం తప్పించడానికే అలా చేస్తున్నామని ఆ కోడ్‌లోనే రాసి ఉంది. ఒక జాగ్రత్త కూడా పెట్టారు: ఫోన్ గడియారం 2011 సెప్టెంబర్ 18 కంటే వెనక ఉంటే అది ఇంకా సెట్ అవలేదని అర్థం, అప్పుడు మాత్రం సెంటర్ ముద్ర వాడు అని. కాబట్టి నా ఫోన్‌లో టైమ్ కరెక్ట్‌గా కనిపించిందంటే ముద్ర కరెక్ట్ అని కాదు, నా ఫోన్ ముద్రను చూపించలేదని. బటన్ ఫోన్ సంగతి వేరు, దాని గురించి కాస్త ముందుకెళ్లాక.

తమ్ముడి స్క్రిప్ట్ సెంటర్ ముద్రనే నమ్ముతుంది. "ఎందుకురా?" అని అడిగాను. "ఫోన్ రాత్రి స్విచాఫ్ అయితే పొద్దున్నే అన్ని మెసేజ్‌లూ ఒకేసారి వస్తాయి అన్నయ్యా. చేరిన టైమ్ వేసుకుంటే కరెంటు ఎప్పుడు పోయిందో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. చాలా సరైన ఆలోచన. మోటర్ లాగ్‌కు కావలసింది సంఘటన జరిగిన టైమ్, ఫోన్ చూసిన టైమ్ కాదు. ఆ నిర్ణయాన్ని నేను మార్చనివ్వలేదు.

ఇక ముద్రనే చూడాలి. స్క్రిప్ట్ ఆపి, ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌లోకి ఎక్కి, మోడెమ్ ఏటీ పోర్టు తెరిచాను. మెసేజ్‌లను చదవగలిగే అక్షరాల్లో కాకుండా పచ్చి పీడీయూ రూపంలో, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చిన అంకెల వరస ఉన్నది ఉన్నట్టుగా, చూపమని అడిగాను. అందుకు సీఎమ్‌జీఎఫ్ కమాండ్‌కు 0 ఇవ్వాలి, సీఎమ్‌జీఎల్‌కు 4 ఇస్తే అన్నీ వస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా యాప్‌లు, మావాడి స్క్రిప్ట్ కూడా, చదివిన మెసేజ్‌ను మోడెమ్ నుంచి చెరిపేస్తాయి. కాబట్టి చదివే ప్రోగ్రామ్‌ను ఆపిన తర్వాతే పరీక్ష మెసేజ్ తెప్పించుకోవాలి. నేను మొదటిసారి అది మరిచిపోయి ఖాళీ లిస్టు చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 14 ఉదయం రెండు మోటర్లూ వేయించి తెప్పించిన మెసేజ్‌ల్లో టైమ్ ముద్రలు ఇవి. మొదటిది సొంత బోరు, రెండోది ఉమ్మడి బోరు.

32 11 41 90 24 81 22

32 11 41 90 34 50 00

ప్రతి జతలో అంకెలు తిరగేసి చదవాలి. 32 అంటే 23వ సంవత్సరం. 11 నెల. 41 అంటే 14వ తేదీ. 90 అంటే 9 గంటలు. మొదటి దానిలో 24, 81 అంటే 42 నిమిషాల 18 సెకన్లు. రెండో దానిలో 34, 50 అంటే 43 నిమిషాల 5 సెకన్లు. వాచీ చూసుకుని మోటర్ వేయించిన టైమ్‌లు కూడా ఇవే. ఆరో జత దాకా రెండు సెంటర్లూ నిజమే చెప్పాయి. ఏడో జత దగ్గరే కథంతా ఉంది.

మొబైల్ నెట్‌వర్క్‌లకు ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల 23.040 ప్రమాణం ప్రకారం ఏడో జత టైమ్ జోన్. గంటల్లో కాదు, పావుగంటల్లో. ముద్రలో ఉన్న టైమ్ సెంటర్ ఉన్నచోటి లోకల్ టైమ్, అది గ్రీనిచ్ టైమ్ కంటే ఎన్ని పావుగంటలు ముందుందో ఏడో జత చెబుతుంది. మన దేశం అయిదున్నర గంటలు ముందు, అంటే 22 పావుగంటలు. తిరగేసినా 22నే, కాబట్టి మనవాళ్లకు ఇది గుర్తుపట్టడం తేలిక. నేపాల్ అయిదు ముప్పావు గంటలు ముందు, 23 పావుగంటలు, ముద్రలో 32గా కనిపిస్తుంది. అమెరికా లాంటి గ్రీనిచ్‌కు వెనక ఉన్న చోట్ల మైనస్ గుర్తుకు వేరే చోటు లేదు. పదుల అంకెకే 8 కలిపి అందులో దాచేస్తారు. అక్కడి ఫోన్ల కోసం స్క్రిప్ట్ రాసేవాళ్లు ఈ గుర్తు మరిచిపోతే గ్రీనిచ్‌కు వెనక ఉన్న జోన్ ముందున్నట్టు లెక్కలోకి వస్తుంది.

సొంత బోరు ముద్ర చూడండి. 9:42, +22. అక్షరం పొల్లుపోకుండా సరైన ముద్ర. మరి లాగ్‌లో 10:12 ఎందుకు పడింది? స్క్రిప్ట్ తెరిచాను. మావాడు 22ను నాలుగుతో భాగించి గంటలు తీశాడు. పైథాన్‌లో రెండు గీతల భాగాహారం వాడాడు, అది శేషాన్ని పడేస్తుంది. 22ను 4తో భాగిస్తే అయిదున్నర. స్క్రిప్ట్‌కు దక్కింది 5. తర్వాత 9:42ను ప్లస్ అయిదు గంటల జోన్‌లోని టైమ్‌గా రాసుకుంది. అది గ్రీనిచ్‌లో 4:42. స్క్రీన్ మీద చూపించేటప్పుడు ఫోన్ తన అసలు జోన్ అయిదున్నర గంటలు కలిపింది. 10:12. పోయిన శేషం అరగంటై లాగ్‌లో తేలింది.

"ఎక్కడి నుంచి తెచ్చావు ఈ లెక్క?" అంటే నెట్‌లో దొరికిన పాత కోడ్ చూసి రాశానన్నాడు. ఇది వాడొక్కడి పొరపాటు కాదు. మోడెమ్‌మేనేజర్ పాత కోడ్‌లోనూ అచ్చం ఇదే భాగాహారం ఉండేది. పావుగంటలు కూడా పట్టేలా ఈ రూపం మార్చాలి అని రాసినవాళ్లే పక్కన గుర్తు పెట్టుకున్నారు. తర్వాత నిమిషాల్లో లెక్కించేలా మార్చారు. యూరప్‌లోనో అమెరికా నగరాల్లోనో కూర్చుని పరీక్షించినంత కాలం ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే అక్కడ జోన్లు దాదాపు అన్నీ పూర్తి గంటల్లోనే. మన టైమ్ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద పెట్టుకున్నది. పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున అయిదున్నర వస్తుంది. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ పక్క నుంచి దిగి, మన కాకినాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ అరగంట మనది, శ్రీలంకది, అఫ్గానిస్తాన్‌ది, ఇంకా కొన్ని చోట్లది. కాబట్టి టైమ్‌తో పనిచేసే ఓపెన్ సోర్స్ కోడ్ ఏది తీసుకున్నా ఇక్కడ కూర్చుని పరీక్షించి, తేడా ఉంటే రాసి పంపాల్సింది మనమే. వేరేచోట వాళ్లకు ఆ బగ్ కనపడనే కనపడదు.

సరిచేయడం ఒక్క లైన్ పని. పావుగంటలను 15తో గుణించి నిమిషాలుగా ఉంచుకోవాలి, భాగాహారమే వద్దు. మార్చి మళ్లీ నడిపాం. సొంత బోరు 9:42. తమ్ముడి ముఖంలో నవ్వు.

ఉమ్మడి బోరు మాత్రం కదల్లేదు. ఇప్పటికీ 3:13. దాని ముద్ర చివర 22 కాదు, 00. అంటే ఆ సెంటర్ లోకల్ టైమ్ వేసి, "ఇది గ్రీనిచ్ టైమ్" అని చెబుతోంది. స్క్రిప్ట్ ప్రమాణం చెప్పినట్టే నడిచింది, 9:43కు అయిదున్నర గంటలు కలిపింది. ఇక్కడ ఫోన్ తప్పు ఏమీ లేదు. ఆ మూడు ఫోన్లలో ప్రమాణాన్ని పాటించింది పైన్‌ఫోన్ ఒక్కటే. ఆండ్రాయిడ్ ముద్రను పక్కన పెట్టింది. బాబాయి బటన్ ఫోన్ జోన్ సంగతి పట్టించుకోకుండా అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపించేసింది, అందుకే దానిలో రెండూ కరెక్ట్‌గా కనిపించాయి. ఆ ఫోన్‌ను నేపాల్ నుంచి వచ్చే మెసేజ్‌తో పరీక్షిస్తే దాని బండారం బయటపడేది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజే బాబాయి ఇంకో మాట అన్నాడు, "ఆ స్టార్టర్‌కు సిమ్ మార్చినప్పటి నుంచే ఈ గోల." ఉమ్మడి బోరు దగ్గర పాత సిమ్‌కు సిగ్నల్ సరిగా అందడం లేదని అక్టోబర్ చివర వేరే ఆపరేటర్ సిమ్ వేశారు. నేను ఆ మాట వదిలేశాను, స్టార్టర్‌లో సిమ్ ఏదైతే ఫోన్‌లో టైమ్‌కేం సంబంధం అనుకున్నాను. పైన చెప్పినట్టు, సంబంధమంతా దానితోనే. రుజువు కోసం నా స్నేహితుల్లో అదే ఆపరేటర్ సిమ్ ఉన్న ఇద్దరితో పైన్‌ఫోన్‌కు మెసేజ్ పెట్టించాను. ఒకరిది 00తో వచ్చింది, ఇంకొకరిది 22తో. ఆపరేటర్ ఒకటే, సెంటర్లు వేరు. పీడీయూ మొదట్లోనే సెంటర్ నంబర్ ఉంటుంది, అదీ తిరగేసిన జతల్లోనే. అంతర్జాతీయ నంబర్ అని చెప్పే 91 ముందు వస్తుంది, దాని పక్కన మన దేశపు 91 తిరగబడి 19గా కూర్చుంటుంది. 00 వచ్చిన రెండు మెసేజ్‌ల సెంటర్ నంబర్ ఒకటే. 22 వచ్చినదాని నంబర్ వేరు. ఆ ఆపరేటర్‌కు ఫిర్యాదు పెట్టాను, పీడీయూ కూడా జత చేశాను. ఈ కేసు రాసేనాటికి ఆ ముద్ర మారలేదు.

ఇక మన వైపు సరిచేయాలి. ఇక్కడ నేను మొదట రాసిన రూల్ చూడటానికి చాలా బాగుంది. మెసేజ్ మనకు చేరాక దాని మీద ముద్ర పడటం జరగదు కదా. ముద్ర టైమ్ ఫోన్ టైమ్ కంటే భవిష్యత్తులో ఉంటే జోన్ తప్పు అని అర్థం. అప్పుడు అయిదున్నర గంటలు తగ్గించు. రాశాను, ఉమ్మడి బోరు 9:43కు దిగింది. పెదనాన్నను పిలవడానికి లేచాను కూడా.

తమ్ముడు ఆపాడు. "ఫోన్ స్విచాఫ్ అయి ఆరేడు గంటల తర్వాత మెసేజ్ చేరితే?" నిజమే. ఉదయం 9:43 ముద్ర తప్పుగా 3:13 అయినా, ఫోన్ సాయంత్రం అయిదింటికి ఆన్ అయితే 3:13 భవిష్యత్తు కాదు. రూల్ దాన్ని పట్టుకోదు. సరే, ఇంకో పరీక్ష కూడా పెట్టాం. ఫోన్ బ్యాటరీ తీసి రెండు గంటలు పక్కన పెట్టి మళ్లీ వేశాం. ఫోన్ గడియారం 1970కి, అంటే లైనక్స్ టైమ్ లెక్క మొదలయ్యే చోటికి, పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఫోన్ లేచేటప్పుడు అన్నీ నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ చివరగా దాచుకున్న టైమ్ నుంచి నడక మొదలుపెట్టింది, అంటే సరిగ్గా రెండు గంటలు వెనక. ఇంట్లో ఇంటర్నెట్ లేదు కాబట్టి దాన్ని సరిచేసేవాళ్లు లేరు. అప్పుడు సొంత బోరు నుంచి వచ్చిన నిక్షేపమైన ముద్ర కూడా ఫోన్ కంటే రెండు గంటలు భవిష్యత్తులో కనిపించింది. నా రూల్ దానికీ అయిదున్నర గంటలు కోసేసింది! తప్పు లేనిదాన్ని తప్పు చేసింది. అలాంటి లాగ్‌ను పెదనాన్న ముందు పెట్టి ఉంటే ఆ ఇంట్లో నా మాటకు ఇంక విలువ ఉండేది కాదు.

ఆ రూల్ తీసేశాం. దాని బదులు సెంటర్ నంబర్లతో చిన్న టేబుల్ పెట్టాం. ఫలానా సెంటర్ నుంచి 00తో వస్తే దాన్ని 22గా చదువు, అంతే. అదే సెంటర్ రేపు బుద్ధి తెచ్చుకుని 22 వేయడం మొదలుపెడితే టేబుల్ దాన్ని ముట్టుకోదు, ఎందుకంటే 00 ఉన్నప్పుడే పనిచేస్తుంది. కొత్త సెంటర్ ఏదైనా 00తో వస్తే సరిచేయకుండా పసుపు రంగులో చూపించమన్నాం, మనిషి చూసి నిర్ణయించాలి. ఊహించి సరిచేయడం కంటే అనుమానం ఉందని చెప్పడం మేలు, ముఖ్యంగా ఇద్దరు అన్నదమ్ముల మధ్య సాక్ష్యంగా నిలబడే లాగ్‌లో.

ఫోన్ గడియారానికి వేరే ఏర్పాటు. మోడెమ్ టవర్ నుంచి టైమ్ అందుకుంటుంది, ఎన్‌ఐటీజడ్ అంటారు దాన్ని. మోడెమ్‌మేనేజర్ ఉండి ఉంటే ఆ టైమ్‌ను సిస్టమ్‌కు అందించే దారి ఉండేది, మావాడు దాన్ని ఆపేశాడు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఫోన్ లేవగానే స్క్రిప్టే మోడెమ్‌ను అడిగి గడియారం దిద్దుకుంటుంది. ఆ టైమ్ చివర కూడా +22 అనే ఉంటుంది, పావుగంటల్లోనే. పాత భాగాహారం అలాగే ఉండి ఉంటే గడియారమే అరగంట తప్పేది. అప్పుడు పంపినవీ వచ్చినవీ రెండూ ఒకే తప్పుతో కలిసిపోయి, పట్టుకోవడం ఇంకా కష్టమయ్యేది.

టేబుల్‌లో ఇప్పుడు మెసేజ్‌కు రెండు టైమ్‌లు ఉంటాయి. స్క్రీన్ మీద వరస చేరిన క్రమంలోనే, ప్రశ్న పక్కన జవాబు ఉండేలా. పక్కన చూపే టైమ్ మాత్రం సెంటర్ ముద్రది. పచ్చి పీడీయూ కూడా యథాతథంగా దాస్తున్నాం. ఇది ముందే చేసి ఉంటే పాత వరసలు దిద్దడం క్షణం పని. పీడీయూలు చెరిగిపోయాయి కాబట్టి పంపిన నంబర్‌ను బట్టి వెనక్కి లెక్కేయాల్సి వచ్చింది. సొంత బోరు వరసలకు అరగంట తగ్గించాం. ఉమ్మడి బోరుకు సిమ్ మార్చిన రోజు దాకా అరగంట, ఆ తర్వాత అయిదున్నర గంటలు. సిమ్ మార్చిన రోజు మాత్రం ఏ మెసేజ్ పాత సిమ్‌దో ఏది కొత్తదో నంబర్లు చూసి ఒక్కొక్కటీ విడిగా దిద్దాం.

మర్నాడు పొద్దున పెదనాన్నను వసారాలోకి పిలిచాను. లెక్కలు చెప్పలేదు. ఉమ్మడి బోరు దగ్గరికి తమ్ముడిని పంపి, పెదనాన్న చేతే ఆయన వాచీ చూసి "వెయ్యి" అనిపించాను. మోటర్ శబ్దం ఫోన్‌లో వినపడింది. గోడ మీద స్క్రీన్‌లో జవాబు పడింది, పాత పద్ధతిలో ఎంత చూపేదో పక్కన పెట్టి చూపించాను. వాచీలో 8:26. కొత్తది 8:26. పాతది 1:56. ఆయన చాలాసేపు ఆ 1:56 వైపే చూశారు. "అంటే మధ్యాహ్నం అనుకున్నవన్నీ పొద్దుటివా?" అన్నారు. అవునన్నాను. ఇంకేం అడగలేదు. ఆ సాయంత్రం బాబాయి వాళ్లింట్లో పెదనాన్న టీ తాగుతుంటే పిన్ని నాకు కళ్లతో చూపించింది.

ఒకటి మాత్రం తీరలేదు. కరెంటు పోయిన టైమ్. సెంటర్ వేసే ముద్ర మెసేజ్ సెంటర్‌కు చేరిన టైమ్, కరెంటు పోయిన టైమ్ కాదు. మా ఊళ్లో కరెంటు పోతే కొన్నిసార్లు టవర్ కూడా పడుకుంటుంది. అప్పుడు స్టార్టర్ మెసేజ్ సిగ్నల్ వచ్చేదాకా డబ్బాలోనే ఉండి, తర్వాత బయల్దేరుతుంది. ముద్ర సరైనదే, జరిగిన టైమ్ కాదు. స్టార్టర్ తన గడియారం చూసి మెసేజ్ లోపలే టైమ్ రాసి పంపితే తప్ప ఇది తేలదు. తమ్ముడు సంక్రాంతి సెలవుల్లో ఆ డబ్బా విప్పి చూస్తానన్నాడు. పెదనాన్న ఒప్పుకున్నారు, మిర్చి కోతలు అయ్యాక అన్న షరతు మీద.